ఒక టీపాయ్, రెండు కుర్చీలు, మధ్యలో బయటి పనులు

మీరు అడిగింది ఇది. పైన తెల్లటి గుండ్రని మరకలు, గీతలు పడ్డ చెక్క టీపాయ్ ఒకటి, కూర్చుంటే కిర్రుమంటూ ఊగే కుర్చీలు రెండు, సొరుగులు లాగితే రాని సన్‌మైకా బల్ల ఒకటి ఉన్నాయి. ఎక్కువ డబ్బు పెట్టకుండా ఈ శని, ఆదివారాల్లో మూడింటినీ కొత్తగా మార్చాలి. వారమంతా వాయిదా పడ్డ బయటి పనులూ అప్పుడే చూసుకోవాలి. సెలవు సెలవులాగే ఉండాలి. ఇదంతా అవుతుందా?

అవుతుంది. కాకపోతే మూడింటికీ రంగు వేసేద్దామన్న ఆలోచన పక్కన పెట్టాలి. పాత ఫర్నిచర్ అనగానే అందరి చెయ్యీ ముందు పెయింట్ డబ్బా మీదికే పోతుంది. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, వస్తువు పాతగా కనిపించడానికి పెద్ద కారణం పేరుకున్న మురికి. ఆ తర్వాత వదులైన అతుకులు, ఊడిపోయిన హ్యాండిళ్లు. రంగు సంగతి చివర్లో వస్తుంది. మీరు చెప్పిన మూడింటిలో దేనికీ ఈ వారం రంగు అక్కర్లేదు.

ఇక టైము. ఈ పనుల్లో మనం చెయ్యి పెట్టేది కాసేపే, ఆరేదాకా ఆగేది గంటల తరబడి. ఆ గంటల్లో పక్కనే కూర్చుంటే ఎవరికీ చెయ్యి ఊరుకోదు. ఆరిందో లేదో అని వేలితో ముట్టి చూస్తారు, వేలిముద్ర పడుతుంది, మళ్లీ రుద్దాలి. అందుకే ప్లాను ఆరే టైమును బట్టి వేసుకోండి. జిగురు పెట్టి బయటికి వెళ్లండి, వార్నిష్ పూసి బయటికి వెళ్లండి. బిల్లులు, సరుకులు, కొరియర్, కటింగ్, ఏవున్నా సరే, ఆ సందుల్లో పెట్టుకుంటే వాటికి వేరే రోజు అక్కర్లేదు.

శుక్రవారం రాత్రి ఓ అరగంట కేటాయించి మూడింటినీ తలకిందులు చేసి చూడండి. అసలు సంగతి అడుగునే తెలుస్తుంది. టీపాయ్ పలక అంచు చూడండి. పైనున్న చారలే అంచులోకి కూడా సాగితే అది నిఖార్సయిన చెక్క. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. రవ్వలు రవ్వలుగా, రంపపు పొట్టు అదిమినట్టుంటే పార్టికల్ బోర్డు. రవ్వ కూడా లేకుండా అట్టలా నున్నగా ఉంటే ఎమ్‌డీఎఫ్. ఈ తేడా తెలియకుండా సాండ్ పేపర్ పట్టుకోకూడదు. ప్లైవుడ్ మీద అతికించిన అసలు చెక్క పొర, అదే వెనీర్, చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. గట్టిగా రుద్దితే అవతలికి తేలుతుంది, అక్కడితో ఆ పలక పని అయిపోయినట్టే. పార్టికల్ బోర్డు నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ అణగదు. ఎంత లప్పం పెట్టి ఎంత నున్నగా చేసినా మళ్లీ తేమ తగిలితే పైకి లేస్తుంది. అలా ఉబ్బినదాని మీద డబ్బు పెట్టొద్దు.

అప్పుడే పురుగు కూడా చూసుకోండి. చెక్కలో సన్నని గుండ్రటి చిల్లులు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు పట్టిందన్నమాట. కొన్నిసార్లు చిల్లులు పాతవి, పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. పొడి శుభ్రంగా తుడిచి, కింద నల్ల కాగితం పరిచి, కొన్నాళ్లు వదిలేయండి. మళ్లీ పొడి రాలితే లోపల ఉన్నట్టే. ముందు మందు కొట్టించాలి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

సొరుగుల హ్యాండిళ్లు మార్చాలనుకుంటే కొలత ఈ రాత్రే తీసుకోండి. హ్యాండిల్ మొత్తం పొడవు కాదు, రెండు స్క్రూ చిల్లుల మధ్య దూరం, ఒక చిల్లు నడిమి నుంచి ఇంకో చిల్లు నడిమికి. ఇవి ఎక్కువగా 32 మిల్లీమీటర్ల లెక్కలో వస్తాయి: 64, 96, 128, 160. మీ కొలత 96 అయితే 96వే తెచ్చుకోండి. కళ్లకు నచ్చాయని 128వి తెస్తే పాత చిల్లులు పూడ్చడం, కొత్తవి వేయడం, పూడ్చినవి కనపడకుండా రంగు వేయడం, ఇలా పని గొలుసులా పెరుగుతుంది. పాత కొలతలు ఏ లెక్కకూ కుదరకపోతే, రెండు చిల్లులనూ కప్పేసే పట్టీ ఉన్న హ్యాండిళ్లు చూడండి.

శనివారం పొద్దున్నే కుర్చీలు. వీటితోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, జిగురుకు పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది. పొద్దున పెడితే ఆదివారం మధ్యాహ్నానికి కూర్చోవచ్చు.

కుర్చీని బోర్లించి రెండు కాళ్లు పట్టుకుని దగ్గరికి, దూరానికి మెల్లగా అనండి. ఏ అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు తెరుచుకుని మూసుకుంటుందో అదే ఊగుతోంది. మామూలుగా అందరూ అక్కడో మేకు దిగ్గొడతారు. దయచేసి ఆ పని చేయకండి. మేకు కర్రను చీలుస్తుంది, కొన్ని నెలల్లో మళ్లీ వదులవుతుంది, ఆ తర్వాత జిగురు పెట్టడానికి విప్పుదామంటే మేకు అడ్డం. మేకు కొట్టిన కుర్చీలు బాగుచేయడం, కొట్టనివాటికంటే రెండింతల పని.

వదులైన అతుకును పూర్తిగా విప్పండి. గుడ్డ చుట్టిన చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో చిన్నగా తడితే వచ్చేస్తుంది. ఏ ముక్క ఎక్కడిదో టేపు అంటించి రాసుకోండి, నాలుగు కాళ్లూ ఒకేలా కనిపిస్తాయి కానీ మార్చి పెడితే కుదరవు. ఇక ఇక్కడ ఓపిక పట్టాల్సిన పని ఒకటుంది. అడ్డపట్టీ చివర, అది దిగే రంధ్రం లోపల, గాజుపెంకులా గట్టిపడ్డ పాత జిగురు ఉంటుంది. దాన్ని కత్తి అంచుతోనో, 120 నంబరు సాండ్ పేపర్‌తోనో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) పచ్చి చెక్క కనపడేదాకా గీకాలి. మనం వాడే తెల్ల చెక్క జిగురు చెక్కలోకి ఇంకి పట్టుకుంటుంది. పాత జిగురు మీద పూస్తే ఇంకడానికి దారి ఉండదు, పైపైన ఆరిపోతుంది. చాలామంది జిగురు మంచిది కాదనుకుంటారు గానీ, పట్టకపోవడానికి కారణం ఈ గీకకపోవడమే. బాగా పాతకాలపు కుర్చీ అయితే లోపలిది జంతువుల చర్మంతో చేసిన జిగురు అయ్యుండొచ్చు. అది వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుడితే మెత్తబడి సులువుగా వస్తుంది.

రెండు వైపులా పలచగా జిగురు పూసి దించండి. పట్టి ఉంచడానికి క్లాంపులు కొనక్కర్లేదు. నాలుగు కాళ్ల చుట్టూ తాడు రెండు చుట్లు వేసి ముడివేయండి, ఆ రెండు చుట్ల మధ్య ఒక పుల్లో, పాత గరిటె కాడో దూర్చి మెలితిప్పండి. తిప్పేకొద్దీ తాడు బిగుసుకుంటుంది, అతుకుల దగ్గర జిగురు సన్నగా చెమర్చినట్టు బయటికి వస్తుంది. అక్కడితో ఆపి, పుల్ల వెనక్కి తిరక్కుండా ఓ అడ్డపట్టీకి కట్టేయండి. తాడు తగిలే చోట గుడ్డముక్క పెడితే ఒరుపు పడదు. కుర్చీని చదును నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో ఇప్పుడే చూడాలి, ఆరాక చూసి లాభం లేదు. బయటికి వచ్చిన జిగురును తడిగుడ్డతో తుడిచేయండి, లేకపోతే తర్వాత పాలిష్ అక్కడ పట్టదు. రంధ్రం పెద్దదై పట్టీ లోపల ఆడుతుంటే సన్నని చెక్కపొరకు జిగురు రాసి పట్టీ చుట్టూ చుట్టి దించండి. తెల్ల జిగురు ఒక్కటే ఖాళీని పూడ్చలేదు.

స్క్రూ ఎంత తిప్పినా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే, ఆ చిల్లులో మందు తీసేసిన అగ్గిపుల్లలు రెండో మూడో జిగురు రాసి దిగ్గొట్టి, ఆరాక అదే స్క్రూ బిగించండి.

ఇప్పుడు బయటికి వెళ్లండి. కొనాల్సినవి ఎక్కువ లేవు. 220, 320 నంబర్ల సాండ్ పేపర్ కొన్ని షీట్లు, నీళ్లతో కలిసే క్లియర్ వార్నిష్ చిన్న డబ్బా, రెండంగుళాల మంచి బ్రష్ ఒకటి, హ్యాండిళ్లు, సీట్లకు గుడ్డ. బ్రష్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చవక బ్రష్ వెంట్రుకలు రాలుస్తుంది, ఆరిన వార్నిష్‌లోంచి వాటిని పీకుతూ కూర్చోవాలి. వార్నిష్ బాగా మెరిసేది కాకుండా సగం మెరుపుది తీసుకోండి. పాత చెక్క మీద పూర్తి మెరుపు పడితే ప్రతి గీతా లెక్కపెట్టుకోవచ్చు. సాండింగ్ మెషిన్ ఈ పనికి అనవసరం, ముఖ్యంగా వెనీర్ ఉన్నచోట ప్రమాదం కూడా. లైను లైనంతా బ్రష్‌లు ఉండే సెట్లు కూడా వద్దు.

దారిలో పాత సామాన్ల షాపు కనిపిస్తే లోపలికి వెళ్లకుండా ఉండలేరు, నాకు తెలుసు. వెళ్లండి. చెక్కవి, ఇనుపవి చూడండి. కుషన్ కుట్టేసిన సోఫాలు, తలవైపు మెత్తటి పలక కుట్టిన మంచాలు మాత్రం వద్దంటాను. కుట్ల మడతల్లో, స్క్రూ చిల్లుల్లో మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే అవి నల్లుల గుర్తులు. నల్లులు రక్తం తాగకుండా నెలల తరబడి బతకగలవు, కాబట్టి ‘చాన్నాళ్లుగా ఖాళీగా ఉంది’ అన్న మాట నమ్మి తేకూడదు. పాత రంగు పెచ్చులుగా లేస్తున్నది దొరికితే పొడిగా రుద్దకండి. ఒకప్పటి రంగుల్లో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు, ఒక్కో దేశం ఒక్కో కాలంలో ఆ పని చేసింది. ఆ ధూళి పిల్లల ఆరోగ్యానికి చాలా చెడ్డది.

తిరిగొచ్చాక టీపాయ్. ముందు కడగాలి. గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి, ఆ వెంటనే పొడిగుడ్డతో. జిడ్డు ఉండగా సాండ్ పేపర్ పెడితే జిడ్డు లోపలికి దిగుతుంది, పైన వార్నిష్ అక్కడక్కడ గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఈ కడగడంతోనే మీ టీపాయ్ రంగు ఒక మెట్టు తేరుతుంది, చూడండి.

తర్వాత ఒక చిన్న పరీక్ష. కనపడని మూల, స్పిరిట్‌లో ముంచిన దూదితో కాసేపు రుద్దండి. పైపూత జిగటగా కరిగితే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు మెత్తబడితే లాకర్ (lacquer) అనే పూత. దేనికీ కదలకపోతే పాలీయురేథేన్ లాంటి గట్టి పూత. లక్క పాలిష్ అని తేలితే మీ అదృష్టం. దాని మీద కొత్త లక్క పాలిష్ పూస్తే పాతది కొంచెం కరిగి రెండూ ఒకటే పొరగా కలిసిపోతాయి. పెద్దగా రుద్దే పని లేదు, తెచ్చిన వార్నిష్ డబ్బా తెరవకుండా తిరిగిచ్చేయొచ్చు. దాని మీద నేరుగా వార్నిష్ వేస్తే మాత్రం లక్కలో ఉండే మైనం వల్ల కొన్నిసార్లు పొట్టులా లేచిపోతుంది.

మరకల్లో తెల్లవి వేరు, నల్లవి వేరు. తెల్లవి పైపూతలో చిక్కుకున్న తేమ, చెక్కదాకా వెళ్లలేదు. పొడి నూలుగుడ్డ మడత పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడి ఇస్త్రీ పెట్టెను దాని మీద రెండు మూడు సెకన్లు తిప్పి తీసేయండి, గుడ్డ ఎత్తి చూడండి. మళ్లీ తిప్పండి. మరక అంచుల నుంచి లోపలికి కరుగుతూ వస్తుంది. తొందరపడి పెట్టెను ఒకచోట ఆపితే పూతే ఉబ్బుతుంది. నల్లవి అలా పోవు. ఇనుప గిన్నె, తడి, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం మూడూ కలిస్తే వచ్చే నలుపు అది, చెక్కలోపలే ఉంటుంది. పూత మొత్తం తీసేసి ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పూస్తే పోతుంది, కానీ ఆ రసాయనం విషం, చేతి తొడుగులు, మాస్కు కావాలి, సెలవురోజు సరదాగా చేసే పని కాదు. ఒకటో రెండో ఉంటే వదిలేయమంటాను.

ఏదో పడి సొట్టపోయిన చోట, నార తెగకుండా నొక్కుకుపోయి ఉంటే, పూత లేని చెక్క మీద ఓ చుక్క నీళ్లు పోసి, తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీ పెట్టె కొనతో తాకించండి. చుయ్యిమని ఆవిరి లేస్తుంది, నలిగిన నార ఉబ్బి పైకి వస్తుంది. పూర్తిగా చదును కాకపోయినా చేత్తో తడిమితే తెలియనంతగా అవుతుంది. ముక్క ఎగిరిపోయిన చోట ఇది పనిచేయదు, అక్కడ లప్పమే.

ఇక రుద్దడం. పాత పూత గట్టిగానే ఉంటే మొత్తం తీయక్కర్లేదు. 220తో మెరుపు పోయేదాకా చాలు, చెక్క చారలు ఏ దిక్కుకు పోతే ఆ దిక్కుకే. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనపడవు, వార్నిష్ పడ్డాక మాత్రం అన్నీ లేచి నిలబడతాయి. ధూళి తడిగుడ్డతో తుడిచి, ఆరాక మొదటి కోటింగ్. డబ్బాను గిలక్కొట్టకండి, బుడగలు వస్తాయి, పుల్లతో నెమ్మదిగా కలపండి. పలచగా, ఒక చివర నుంచి రెండో చివరకు ఒకే ఊపులో లాగి వదిలేయండి. ఆరడం మొదలైనచోట మళ్లీ బ్రష్ పెట్టారో, చారలు పడతాయి. నీళ్లతో కలిసే రకం అయితే మామూలు వాతావరణంలో రెండు నుంచి నాలుగు గంటల్లో రెండో కోటింగ్‌కు సిద్ధమవుతుంది, ముసురు పట్టి ఉంటే ఇంకా ఆలస్యం. డబ్బా మీద రాసిన టైమే ప్రమాణం. బ్రష్‌ను ప్లాస్టిక్ కవరులో గాలి తగలకుండా చుట్టి పెడితే రెండో కోటింగ్ దాకా కడగక్కర్లేదు. ఇక మీ సాయంత్రం మీది. మిగిలిన బయటి పనులైనా చూసుకోండి, నిద్రైనా పోండి.

నూనె రకం పూతలు, ముఖ్యంగా అవిసె నూనె ఉన్నవి వాడితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడిని పుట్టిస్తుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకుంటాయి. అతిశయోక్తి అనుకోకండి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది, 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డల దగ్గరే మంట మొదలైంది, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ గుడ్డలను విడివిడిగా ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.

ఆదివారం పొద్దున 320తో టీపాయ్‌ను చేత్తో నిమిరినంత మెల్లగా రుద్ది, తుడిచి, రెండో కోటింగ్. అది ఆరుతుండగా కుర్చీల సీట్లు. చాలా కుర్చీల్లో సీటు కింద నాలుగు స్క్రూలు తీస్తే పలక విడిగా ఊడి వస్తుంది. పాత గుడ్డను చింపేయకండి, స్టేపుల్స్ పీకి అలాగే తీస్తే అదే మీ కొలత. కొత్త గుడ్డను దానికంటే కొంచెం పెద్దగా కత్తిరించి, ముందు నడిమి భాగాల్లో నాలుగు వైపులా ఒక్కో స్టేపుల్ వేయండి, ఎదురెదురు వైపులు ఒకదాని తర్వాత ఒకటి. అక్కడి నుంచి మూలల వైపు వెళ్లండి. ఒక వైపంతా పూర్తిచేసి రెండోది మొదలుపెడితే గుడ్డ వంకరపోతుంది, చారల గుడ్డ అయితే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లోపలి స్పాంజి నొక్కితే పొడిగా రాలుతుంటే మార్చండి, లేకపోతే పాతదే ఉంచండి.

సొరుగుల బల్లకు పట్టే టైము తక్కువ. సొరుగులు చెక్కపట్టీల మీద జారేవైతే, పట్టీలు తుడిచి కొవ్వొత్తి రుద్దండి. సబ్బు కూడా కొందరు రుద్దుతారు కానీ అది తేమను లాగుతుంది. వానాకాలంలో మాత్రమే బిగుసుకుంటున్నాయంటే చిత్రిక పట్టకండి, ఎండలు వచ్చాక వదులైపోతాయి. ఇనుప చానెళ్లయితే చక్రాలకు చుట్టుకున్న జుట్టు, ధూళి తీసి, స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. అడుగు పలక కిందికి జారి రాసుకుంటోందేమో కూడా చూడండి. అదైతే గాడిలోకి తోసి జిగురు పెట్టాలి. కొత్త హ్యాండిళ్లు బిగించండి. ఆ బల్ల సగం కొత్తది అవుతుంది.

దానికి రంగు వేసి తీరాలి అంటారా, వేయొచ్చు, ఇంకో వారం పెట్టుకోండి. సన్‌మైకా నున్నగా ఉంటుంది, రంగుకు పట్టు దొరకదు. కడిగి, 220తో మసకబార్చి, అలాంటి ఉపరితలాలకు పట్టుకునే ప్రైమర్ వేసి, పలచగా రెండు కోటింగులు వేయాలి. చేతికి అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. రెండోదానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆలోగా సొరుగులు మూసి ఉంచితే అంచులు అతుక్కుపోయి, తెరిచినప్పుడు రంగు ఊడొస్తుంది. ఎక్కువ మంది విసిగిపోయేది ఇక్కడే.

టీపాయ్‌కూ అదే లెక్క. సోమవారం నుంచి తేలికైనవి పెట్టుకోవచ్చు, ప్లాస్టిక్ షీటు, వేడి గిన్నెలు మాత్రం నెలదాకా వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే సొరుగుల బల్లను వెనక నుంచి గోడకు బిగించేయండి. ఇప్పుడు సొరుగులు తేలిగ్గా జారతాయి, పిల్లలు అన్నీ ఒకేసారి లాగి మెట్లలా ఎక్కితే బల్ల ముందుకు పడుతుంది. ఎల్ ఆకారపు ఇనుప ముక్కలు రెండు, స్క్రూలు నాలుగు, అంతే పని.